తాడు కొలత

"ఆ ప్రోగ్రాం ఏదీ? చూపించు తాతా."

"చెరిపేశానమ్మా."

ఊరి పంచాయతీ జరిగే బరంగాయ్ హాల్లో బెంచీల మీదున్న వాళ్లంతా ముసలి తెర్యో వైపు తిరిగారు. అడిగిన మైలీన్ బెంచీ మీంచి లేచింది. వరదలో పోయిన తల్లి సెలింగ్ కోసం తొమ్మిది రోజుల ప్రార్థనలు నిన్ననే ముగిశాయి. మైలీన్ చొక్కా మీద సంతాపం గుర్తుగా పెట్టుకున్న నల్లపిన్ను ఇంకా అలాగే ఉంది.

"చూశారా కెప్టెన్? ఊరి ప్రాణాలు ఎవరి చేతిలో పెట్టారో చూశారా?" అంది.

అందరూ కెప్టెన్ అని పిలిచే ఊరి పెద్ద ఒనోర్యా తల దించుకుంది.

తెర్యో చదివింది మూడో తరగతి. నలభై ఏళ్లు వంతెన మీంచి రాయి కట్టిన తాడు వదిలి, నీళ్ల దాకా ఎన్ని జానలో లెక్కపెట్టి ఊరికి చెప్పేవాడు. మోకాళ్లు పడిపోయాక ఆ కొలత వంతెనకు కట్టిన చిన్న పెట్టె చూసుకుంటోంది. దాన్ని ఊరి వరద సైరన్‌తో కలిపే ప్రోగ్రాం మాత్రం తెర్యోదే. మామూలు మాటల్లో రాస్తే చాలు, ఫోన్ అర్థం చేసుకునే పద్ధతి అది. "ఇది అందరికీ వచ్చేలా చేశాం, నీకూ వస్తుంది తాతా" అని నిరుడు నేర్పింది మైలీనే. చిన్నప్పుడే పిన్నితో మనీలా వెళ్లిపోయి, అక్కడే చదివి, అలాంటివి తయారుచేసే ఉద్యోగంలో చేరిన పిల్ల.

ఊరంతా ముసలాయన్ని ఇంజినీరుగారని ఆటపట్టించింది. ఆయన తెగ మురిసిపోయాడు.

"నిరుడు రెండుసార్లు మోగిందమ్మా. అందరం గట్టెక్కాం," అంది ఒనోర్యా మెల్లగా.

"నిరుడు అదృష్టం బాగుంది. ఈసారి వరద తగ్గిపోతుంటే మోగింది. బురదలోంచి అమ్మను బయటికి లాగుతుంటే నెత్తిమీద అరుస్తూనే ఉంది, ఏదో ఘనకార్యం చేసినట్టు." మైలీన్ జనం వైపు తిరిగింది. "అందరికీ రావాలి, అందరూ రాయాలి అని ఊరూరా తిరిగి చెప్పాను. సిగ్గేస్తోంది. ఏప్రిల్లో సెలవుకొచ్చి చూసినప్పుడే తీసి పారేయాల్సింది."

ఓ కాగితం తెచ్చి ముసలాయన ముందు పెట్టింది.

"తప్పంతా నాదేనని, ఇంకెప్పుడూ ముట్టుకోనని సంతకం పెట్టు తాతా. ఊళ్లో ఇవి రాయడం నేర్పే తరగతీ ఇవాళ్టితో మూసేస్తున్నాం."

తెర్యో కాగితం చదవకుండానే సంతకం పెట్టాడు. "అవునమ్మా, అందరూ చెయ్యాల్సిన పని కాదు," అన్నాడు. తర్వాత, "పొద్దుట్నించీ ఏమన్నా తిన్నావా?" అని అడిగాడు.

మైలీన్ ఆ కాగితం లాక్కుంది. ఏడుస్తూ బయటికి వెళ్లిపోయింది. ఒక్కొక్కరే ముసలాయన పక్కనుంచి తప్పుకుని వెళ్లారు. ఆయన కొడుకు కూడా ఆగలేదు.

ఒనోర్యా తలుపు దగ్గరగా వేసి, సంచిలోంచి ఓ నోటుబుక్కు తీసింది.

"ఇది నీదే. నిరుడు తరగతిలో వదిలేశావు. 'గంటలో కొలత రెండు జానలు తగ్గితే మోగించు' అని రాసుకున్నావు. సరిగ్గానే ఉంది కదయ్యా. కొలిచేది పైనుంచి. నీళ్లు పైకొస్తే తాడు పొట్టిదవుతుంది. వంతెన మీద నిలబడి కొలిచిన ఎవరికైనా తెలుసు. మరి ఈసారి తిరగబడిందేం?"

"ఫోన్లో 'పెరిగితే' అని ఉండింది."

"అదే అక్కడ చెప్పొచ్చుగా. ఎందుకు చెరిపావు? రేపట్నించి ఈ ఊళ్లో నీ మొహం ఎవరు చూస్తారు?"

"చూడకపోతే పోనీ. నాకింకెన్నాళ్లు. ఆ పుస్తకం ఇటియ్యి, పొయ్యిలో వేస్తాను."

ఒనోర్యా ఇవ్వలేదు. "నువ్వు రాసిన మాట ఎవరు మార్చారో చెప్పు, ఇస్తాను."

తెర్యో తలుపు వేసే ఉందని చూసుకుని గొంతు తగ్గించాడు.

"నీళ్లు పెరిగితేనే కదా తాతా ప్రమాదం అని, ఏప్రిల్లో నవ్వుతూ దిద్దింది మైలీన్."