కెమెరా వెనక గొంతు

“డాడీ! అది వాక్యం కాదు, డైలాగ్! చర్చిలో చదివినట్టు చదవకు!”

ఫేబీ విసురుగా వెళ్ళి ట్రైపాడ్ మీది ఫోన్‌లో రికార్డింగ్ ఆపింది. సువార్తరాజు కళ్ళజోడు సర్దుకుని చేతిలోని కాగితాన్ని తప్పుచేసినవాడిలా చూశాడు. డ్యూటీ దిగి నేరుగా ఇంటికొచ్చిన మనిషి, బస్సు డ్రైవర్ యూనిఫాం ఇంకా ఒంటిమీదే ఉంది.

“మరెలా చదవాలమ్మా?”

“కోపంగా! కూతురు ఇల్లొదిలి వెళ్ళిపోతానంటోంది. నువ్వు ఆ తండ్రివి. వీడియోలో నువ్వు కనబడవు, గొంతు వినబడితే చాలు. నీ మాటకి నా ఫేస్ ఎలా మారుతుందో, వాళ్ళు చూసేది అదే.”

సాయంత్రంలోగా ఆడిషన్ వీడియో పంపాలి. ఎప్పుడూ అవతలి డైలాగులు చదివిపెట్టే స్నేహితురాలు భవితకి ఉన్నట్టుండి షిఫ్ట్ పడింది. ఇక మిగిలింది తండ్రే. వాళ్ళుండే పరదేశపు ఊరు సర్రీలోని తెలుగు చర్చిలో ఆదివారం బైబిల్ వాక్యం చదివేది ఆయనే కాబట్టి తెలుగు చదవడానికి తడుముకోడు. గోలంతా ఆ చదివే తీరుతోనే.

ఫేబీ పాటంటే ఇక్కడి తెలుగు కుర్రకారుకి పిచ్చి. స్టేజి ఎక్కిందంటే హాలు ఊగిపోవలసిందే. కానీ ఆమెకి కావలసింది సినిమాలో వేషం. ఏ ఆడిషన్‌కి వెళ్ళినా చివరికి ఒకటే మాట: “యాక్టింగ్ సంగతి తర్వాత చూద్దాం గానీ, మా టైటిల్ సాంగ్ పాడిపెడతారా?” పోయినసారైతే ఆమె డైలాగ్ సగంలో ఉండగానే చేతికి మైకు ఇచ్చారు. ఈసారి పాటలే లేని సినిమా. కూతురి పాత్రే కథంతా.

మళ్ళీ రికార్డింగ్ మొదలైంది.

“నేను వెళ్ళిపోతున్నా నాన్నా. నన్నాపకు,” అంది ఫేబీ.

సువార్తరాజు కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూసుకుంటున్నాడు.

“డాడీ, నీ లైన్!”

“ఈ మాట నేననను,” అన్నాడు సువార్తరాజు. “‘గడప దాటావంటే నువ్వు నా కూతురివే కాదు’ అంట! కన్నతండ్రి అనే మాటేనా ఇది?”

“అబ్బా, అంటున్నది నువ్వు కాదు, క్యారెక్టర్!”

“నోరు నాదే కదమ్మా.”

ఫేబీ తల పట్టుకుంది. ఆయన కాగితం మడుస్తూ మెల్లగా అన్నాడు, “ఎంచక్కా పాడుకుంటున్నావు. దేవుడు మంచి గొంతిచ్చాడు. ఇంకా ఈ వేషాలెందుకు చెప్పు?”

అంతే, ఆమెలో ఎన్నాళ్ళుగానో అణిగి ఉన్నదంతా ఒక్కసారి పొంగింది.

“నువ్వూ అదే మాటా! అందరికీ నా గొంతే కావాలి. గొంతు తీసేస్తే నేనింకేం కాదా? ఒక్కసారి నా మొహం కూడా చూడండి అని ఇంకా ఎంతమందిని బతిమాలాలి డాడీ?”

సువార్తరాజు కాగితం బల్లమీద పెట్టేసి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

“రికార్డింగ్ పెట్టు,” అన్నాడు.

“నేను వెళ్ళిపోతున్నా నాన్నా. నన్నాపకు.”

“గడప దాటావంటే...” గోడకి చెయ్యి ఆనించాడు. “నువ్వు నా కూతురివే కాదు.”

ఆ మాటలో కోపం లేదు. బతిమాలుతున్నట్టుంది. ఫేబీ చెప్పాల్సిన తర్వాతి డైలాగ్ మరిచిపోయి, కెమెరా ముందున్న సంగతీ మరిచిపోయి, గోడ వైపు తిరిగిన ఆ వీపు వంక చూస్తూ ఉండిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు.

“అయ్యిందా అమ్మా?”

“అయ్యింది డాడీ.”

ఆయన వెనక్కి తిరక్కుండానే మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. ఆమె ఇంకో టేక్ జోలికి పోకుండా దాన్నే పంపేసింది.

వారం తిరక్కుండానే సినిమా వాళ్ళ దగ్గర్నించి మీనాక్షి ఫోన్ చేసింది.

“ఫేబీ గారూ, డైరెక్టర్‌కి మీ టేప్ తెగ నచ్చేసింది. డైలాగ్ చెప్పకపోయినా పర్లేదు, ఆ మొహం చాలన్నారు. కూతురు మీరే! ఒక్క విషయం, ఆ తండ్రి గొంతెవరిది?”

“మా డాడీదండీ. ఎందుకు?”

“తండ్రి వేషం ఆయనే వెయ్యాలని డైరెక్టర్ పట్టుబట్టి కూర్చున్నారు. ఆయన ఒప్పుకోకపోతే సినిమా మొదలే కాదు. ఎలాగైనా ఒప్పించండి.”

ఫేబీ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. సంగతి వినగానే సువార్తరాజు చేతిలోని చేపముక్క గిన్నెలో జారిపడింది.

“నేనా? సినిమాలోనా? పాస్టర్ గారికి మొహమెలా చూపించను?”

“ప్లీజ్ డాడీ! ఇన్నాళ్ళకి ఒక్క ఛాన్స్ వచ్చింది. కావాలంటే నీ కాళ్ళు పట్టుకుంటా. నా కోసం!”

ఆయన కూతురి మొహంలోకి చూశాడు. నెమ్మదిగా చేతులు కడుక్కున్నాడు.

“ఫోన్ ఇలా ఇయ్యి. ఆవిడతో నేను మాట్లాడతా.”

బాల్కనీలోకి వెళ్ళి అద్దం తలుపు వేసుకున్నాడు. లోపల్నించి ఫేబీకి ఆయన పెదవులు కదలడమే కనిపిస్తోంది. ఒకసారి తల అడ్డంగా ఊపాడు. ఏదో వివరంగా చెప్పాడు. అవతలివాళ్ళు చెప్పింది విన్నాడు. చివరికి తలాడించాడు. ఆమె గోళ్ళు కొరుక్కుంటూ తలుపు దగ్గరే నిలబడింది.

“ఏమన్నావు డాడీ?”

“ఒప్పుకున్నానమ్మా. నువ్వంతలా అడిగాక కాదంటానా?”

ఫేబీ గంతేసి ఆయన్ని చుట్టేసుకుంది. సువార్తరాజు ఆమె తల నిమిరాడు.

“నేను చెప్పినదానికి ఆవిడ కూడా సరేనన్నారు.”

“ఏం చెప్పావు?”

“కూతురి వేషానికి వేరే పిల్లని చూసుకోమన్నాను. ఆ రోజంటే గోడ వైపు తిరిగి ఎలాగో అనేశాను గానీ, నీ మొహం చూస్తూ ఆ మాట అనడం నా వల్ల కాదమ్మా.”