దుప్పి కడుపు

ఆ అడవిలో ఏటా కొండ చుట్టూ మూడు చుట్ల పరుగుపందెం జరిగేది. దుప్పికి కాళ్ళలో సత్తువుంది, ఊపిరికి లోటు లేదు. అయినా రెండో చుట్టులో కడుపు మెలిపెట్టేసి పొదలోకి పరిగెత్తాల్సివచ్చేది. ఎందుకో దానికి అంతుపట్టలేదు.

ఏనుగునడిగితే కడుపునిండా నీళ్ళు తాగి దిగమంది. కుందేలు నానబెట్టిన ఉలవలు తినమంది. కోతి అవేవీ కాదు, పనసతొనలే బలమంది. ఎవరిని నమ్మాలో తేలక, ఈ ఏడు పందెం పొద్దున దుప్పి మూడూ చేసింది. మొదటి చుట్టయినా పూర్తవకుండానే పొద చేరింది.

పొద పక్కనే ఉండే ముసలి తాబేలు తల బయటపెట్టింది.

"ఈసారి తొందరగా వచ్చావే. రోజూ సాధన చేసేటప్పుడు ఏం తింటావు?"

"నాలుగు గరికపోచలు, రెండు గుక్కల నీళ్ళు, తాతా."

"అప్పుడు నొప్పి వస్తుందా?"

"ఎన్ని చుట్లు తిరిగినా రాదు. అదే నాకు అర్థం కాదు."

"మరి ఇవాళ కూడా గరికే తినకపోయావా?"

దుప్పి తెల్లబోయింది. "పందెమంటే మాకు పండగ. పండగపూట కూడా గరికేనా తాతా?"

"ఇవాళ పండగని నీకు తెలుసు. నీ కడుపుకెవరు చెప్పారు?" అని తాబేలు తల లోపలికి లాక్కుంది.