పిల్లి పొట్ట నిమిరే మనిషి

ఓక్‌బున్ బజారు నుంచి వచ్చి కారు దిగేసరికి, ఇంటి ముందు ఎవరో మనిషి గడ్డకట్టే చలిలో నిలబడి ఉన్నాడు.

అతని కోటులో బామి. ఓక్‌బున్ పెంచుకునే పిల్లి. వెనక కాళ్లు వేలాడుతున్నాయి.

"నీ బండి కింద పడిందా?"

అతను ఆమె కారు వంక చూశాడు. ఆమె మొహం వంక చూశాడు.

"అవునమ్మా. నాదే తప్పు."

"కళ్లు ఎక్కడ పెట్టుకున్నావయ్యా? సముద్రంలో చేపల వేటకెళ్లి తిరిగిరాని నా మొగుడు వదిలివెళ్లిన ప్రాణం అదొక్కటే!"

అతను తల వంచుకున్నాడు.

బామి బతికింది. కానీ నెల తర్వాత డాక్టరమ్మ పెదవి విరిచింది.

"తుంటి ఎముక వంకరగా అతుక్కుందండీ. మలం వచ్చే దారి ఇరుకైపోయింది. మూడు రోజులు బిగబట్టిందంటే ప్రాణం మీదికొస్తుంది. మందు, ఉడికిన గుమ్మడి గుజ్జు, పొట్ట నిమరడం... ఇక బతికినన్నాళ్లూ ఇంతే."

ఓక్‌బున్ పొట్ట మీద చెయ్యి వేస్తే బామి రక్కేది. ఆ మనిషి వేస్తే హాయిగా కళ్లు మూసుకునేది. ఆమెకు ఒళ్లు మండేది.

అతని పేరు మేంగ్. రోజు విడిచి రోజు నడిచి వచ్చేవాడు.

"బండేదయ్యా?"

"అమ్మేశానమ్మా."

"మంచి పని చేశావు. సొక్చో ఊళ్లో మిగతా పిల్లులైనా బతుకుతాయి!"

అతను నవ్వి ఊరుకునేవాడు. వాకిట్లో చెక్క అరుగు మీదే కూర్చుని పొట్ట నిమిరేవాడు. మంచు కురుస్తున్నా సరే, ఓక్‌బున్ లోపల వెచ్చని గచ్చు మీదికి ఒక్కనాడూ పిలవలేదు.

ఒకసారి మూడు రోజులు గడిచినా బామికి కదలిక లేదు. మేంగ్ పొద్దుటి నుంచి నిమురుతూనే ఉన్నాడు. సాయంత్రం పిల్లి ఒళ్లో నుంచి దూకి లోపల ఇసుక తొట్టెలోకి పరుగెత్తింది.

"వెళ్లిందయ్యా! వెళ్లింది!" ఓక్‌బున్ చప్పట్లు కొడుతూ వాకిట్లోకి వచ్చింది.

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. అంతలోనే ఆమెకు మొగుడు గుర్తొచ్చి, తన మీద తనకే కోపం వచ్చి, తలుపేసుకుంది.

ఏడాది తిరిగింది.

ఒక వారం మేంగ్ రాలేదు. మరుసటి వారమూ రాలేదు.

డాక్టరమ్మ ఎనిమా ఇచ్చి గండం గట్టెక్కించింది. ఇంటికొచ్చిన బామి గుమ్మంలో కూర్చుంది. పక్కనే ఓక్‌బున్. ఇన్నాళ్లూ సముద్రం వైపు చూసిన కళ్లు ఇప్పుడు సందు వైపు చూస్తున్నాయి. ఈ వయసులో ఇదేం ఎదురుచూపు, సిగ్గులేకపోతే సరి, అనుకుంది. అయినా అతను రావాలనే ఉంది.

మర్నాడు గుమ్మడి జావ కాచి, డాక్టరమ్మ దగ్గర చిరునామా తీసుకుని బయల్దేరింది. జావ చేతికిచ్చి, 'నిన్ను క్షమించేశానయ్యా, ఇక లోపలికే వచ్చి కూర్చో' అని చెప్పాలి. దారంతా ఆ మాటే మననం చేసుకుంది.

తలుపు తీసింది మేంగ్ అక్క. ఆమె వెనక, నల్ల రిబ్బను కట్టిన ఫొటోలో మేంగ్.

"గుండె ఆగిపోయిందమ్మా. నిద్రలోనే పోయాడు. మీరెవరు?"

ఓక్‌బున్ జావ గిన్నె గుమ్మం మీద దించింది.

"తెలిసినదాన్ని... బండి అమ్మేశాక నడిచి నడిచి అలిసిపోయాడేమో పాపం."

"బండేమిటి తల్లీ? వాడికి సైకిలు తొక్కడం కూడా రాదు! ఎవరో ఒకావిడ పిల్లి కోసం అంతంత దూరం నడిచేవాడు. చలికి ఆ పిల్లి కారు కింద పడుకుందట. ఆవిడే, కింద పిల్లి ఉందేమోనని బానెట్ మీద తట్టి చూడకుండా కారు తీసి, పిల్లి మీద నుంచి పోనిచ్చి, చూసుకోకుండా బజారుకు పోయిందట. వీడు కళ్లారా చూశాడు."

ఓక్‌బున్ ఫొటోలోని మేంగ్ వంక చూసింది.

"'మొగుడు పోయిన మనిషక్కా, ఈ సంగతి తెలిస్తే మళ్లీ ఆ పిల్లిని ముట్టుకోగలదా? నన్నే తిట్టుకోనీ' అన్నాడు. ఆవిడ మీకెప్పుడైనా కనిపిస్తే ఈ మాట మాత్రం చెప్పకండేం!"