మానిటర్‌కి దిష్టి

రాజేశ్వరమ్మ తన జీవితంలో పసిపిల్లలకి దిష్టి తీసింది. పాడిగేదెకి తీసింది. కొత్త స్కూటరుకీ తీసింది. కంప్యూటరుకి తీయడం మాత్రం ఇదే మొదలు.

గుప్పిట్లో కల్లుప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని, డబ్బాలాంటి ఆ మానిటర్ చుట్టూ ముమ్మారు తిప్పింది. వైర్లు అడ్డొచ్చాయి. వాటిని తిట్టుకుంటూనే తిప్పింది. ఆ మిరపకాయల్ని తీసుకెళ్ళి గ్యాస్ మంట మీద కాల్చింది. కాస్తయినా ఘాటు రాలేదు. అంటే దిష్టి మామూలుది కాదన్నమాట.

పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? టేబుల్ తుడుస్తుంటే మానిటర్ వెనకాల టేపుతో అతికించిన రెండు పొట్లాలు చేతికి తగిలాయి. ఒకదాంట్లో కొడుకు రఘునందన్ పొట్టి వెంట్రుకలు, అతని పాత లాల్చీ ముక్క. రెండోదాంట్లో కోడలు ఉష పొడుగు వెంట్రుకలు, చున్నీ అంచు. మానిటర్ అద్దం మీద కుంకుమ బొట్టు. లోపల ఓ బొమ్మరిల్లు. అందులో అచ్చం కొడుకూ కోడల్లాంటి రెండు బొమ్మలు తిరుగుతున్నాయి. పైన వాళ్ళ పేర్లే రాసున్నాయి.

ఇది చేతబడే అనుకుంది రాజేశ్వరమ్మ.

ఎవరి పనో వెతకక్కర్లేదు. ఆ ఘాజియాబాద్ ఫ్లాట్‌లో కంప్యూటర్ జోలికెళ్ళేది తొమ్మిదేళ్ళ మనవరాలు ఇషిత ఒక్కతే. చేతబడికి జుట్టు, గుడ్డ, పేరు కావాలని పోయిన వేసవి సెలవుల్లో దానికి కథలు కథలుగా చెప్పింది ఎవరో కాదు, తనే.

ఆవిడ పిఠాపురం నుంచి ఊరికే రాలేదు. కొడుకుది ఢిల్లీలో సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం. కోడలిది గుర్గావ్‌లో కంపెనీ. ఇద్దరూ సాయంత్రానికి ఇల్లు చేరేది పోట్లాడుకోవడానికే అన్నట్టుండేది. స్కూలు మీటింగుకి ఎవరు వెళ్ళాలి, పిల్లకి జ్వరమొస్తే సెలవు ఎవరు పెట్టాలి, హోంవర్క్ ఎవరు చూడాలి. గోరంత మాట కొండంతయ్యేది. “ఇంక కలిసుండటం మావల్ల కాదు అత్తయ్యగారూ, లాయరుతో మాట్లాడాం” అని ఉష ఫోన్లో చెప్పిన మర్నాడే ఆవిడ రైలెక్కింది. వచ్చి నచ్చజెప్పింది, ఏడ్చింది, అలిగి అన్నం మానేసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

అలాంటిది, ఈమధ్య ఇల్లు సద్దుమణిగింది. అరుపులు తగ్గాయి. మొన్న ఆదివారం ఇద్దరూ బాల్కనీలో కూర్చుని టీ కూడా తాగారు.

పిల్ల సైతం ఎంతో బుద్ధిమంతురాలైపోయింది. స్కూల్ డైరీ తెచ్చి ఎవరి ముందూ పెట్టడం లేదు. సాయంత్రాలు పై అంతస్తులో వైశాలి ఆంటీ ఇంట్లో చదువుకుని, అక్కడే తినేసి, చప్పుడు చెయ్యకుండా వచ్చి పడుకుంటోంది. ఆమధ్య ఓ పొద్దున ఒళ్ళు వెచ్చబడినా, “ఠీక్ హై నానమ్మా, మమ్మీకి చెప్పకు” అని బస్సెక్కేసింది. తన మొక్కులు ఫలించాయని సంబరపడింది రాజేశ్వరమ్మ. ఇంతలో ఈ పొట్లాలు.

ఆ సాయంత్రం కొడుకూ కోడలూ ఇంట్లో అడుగుపెట్టగానే ఇద్దర్నీ కంప్యూటర్ ముందుకి లాక్కొచ్చింది.

“మీ కూతురు మీకు చేతబడి చేస్తోందిరా.”

రఘునందన్ నవ్వాడు. “అది గేమ్ అమ్మా. బొమ్మలతో ఇల్లు నడిపే ఆట. నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ బజార్లో నేనే కొనిచ్చాను.”

“ఆటైతే నీ జుట్టెందుకురా దీని వెనకాల?”

పొట్లాలు విప్పి చూశాక అతని నవ్వు ఆగిపోయింది. ఉష గబగబా పైకెళ్ళి ఇషితని పిలుచుకొచ్చింది.

“ఏంటిదంతా?” అడిగింది.

తిడతారేమోనని ఇషిత గోడకి ఆనుకుని నిలబడింది. “మ్యాజిక్. నానమ్మ చెప్పినట్టే చేశా. గేమ్‌లో వాళ్ళెలా ఉంటే ఇంట్లో మీరూ అలాగే ఉంటారు. దిఖావూ? చూపించనా?”

ఎవరూ వద్దనకపోయేసరికి కుర్చీలో కూర్చుని మౌస్ కదిలించింది. బొమ్మరింట్లో సాయంత్రమైంది. రఘునందన్ బొమ్మ ఆఫీసు నుంచి వచ్చింది. ఉష బొమ్మ ఎదురెళ్ళి వాటేసుకుంది. ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చున్నారు. ఏవో మాట్లాడుకున్నారు, పడీపడీ నవ్వుకున్నారు.

ఉష చూస్తూ చూస్తూనే ఏడ్చేసింది. తాము అలా నవ్వుకుని ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తు రాలేదు. ఇన్నాళ్ళూ లాయర్ల చుట్టూ తిరిగిన మొగుడూ పెళ్ళాలు కూతురి కుర్చీకి చెరో పక్కా నేలమీద చతికిలబడ్డారు.

“ఇంక పోట్లాడుకోం తల్లీ. నీమీద ఒట్టు,” అన్నాడు రఘునందన్.

ఉష అతని చేతిమీద చెయ్యి వేసింది. అతను తీసేసుకోలేదు. గుమ్మంలో నిలబడ్డ రాజేశ్వరమ్మ పమిట చెంగుతో కళ్ళొత్తుకుంది. తను ఏడ్చి మొత్తుకున్నా చెయ్యలేని పని ఈ వేలెడంత పిల్ల చేసేసిందే అనుకుంది.

ఉష ముక్కు తుడుచుకుని మానిటర్ దగ్గరికి జరిగింది. వంటిల్లు చూసింది. పడగ్గది చూసింది. మిగతా గదులన్నీ ఒక్కొక్కటే వెతికింది.

“మరి నా బంగారం ఏదీ? ఇంకా స్కూల్నుంచి రాలేదా?” కూతురి జుట్టు నిమురుతూ ముద్దుగా అడిగింది.

“అరే మమ్మీ, నన్ను డిలీట్ చేశాకే కదా మీరిద్దరూ పోట్లాడుకోవడం మానేసింది,” అంది ఇషిత.