తొమ్మిది కాదు, నాలుగు

విచారణ గది బయట ఉన్న బెంచీకి ఒక మేకు పైకి లేచి ఉంది.

ఆమె కూర్చోబోతుంటే, పక్కనున్న ముసలాయన చేతిలోని పేపరును మడతలు పెట్టి దాని మీద వేశాడు.

"బట్ట చిరుగుతుందమ్మా. ఇక్కడికొచ్చేవాళ్లకి అదొక్కటే తక్కువ."

ఆమెకు నవ్వు రాలేదు. పన్నెండు రోజులుగా ఆఫీసులో ఆమెతో ఎవరూ మాట్లాడటం లేదు. మాట్లాడితే తమకూ అంటుకుంటుందని భయం.

"ఏం చేశావు తల్లీ?"

"వరదలో చనిపోయినవాళ్లు తొమ్మిది మందని నివేదిక రాశాను."

"ఎంతమంది పోయారు?"

"తొమ్మిది మందే."

"మరి?"

"నాలుగని రాయమన్నారు. ఐదు దాటితే గట్టు ఎందుకు తెగిందో విచారణ వెయ్యాలట. నేను రాయనన్నాను. ఇప్పుడు పై అధికారి మాట వినలేదని నా మీదే విచారణ."

"రాయమన్నదెవరు?"

"కమిషనర్ గారు."

"కాగితం మీద ఇచ్చాడా?"

"లేదండీ. ఫోన్లో చెప్పారు."

ముసలాయన ముఖం విప్పారింది. "అయితే సగం గెలిచావు. లోపల నీ తరఫున మాట్లాడటానికి పక్కన ఎవరు కూర్చుంటున్నారు?"

"ఎవరూ లేరు. ఇద్దరిని అడిగాను. ఒకాయనకి నడుం పట్టేసిందట. ఇంకొకాయనకి మామగారు పోయారట."

"ఆ మామగారు నాకు తెలుసు. ప్రతి విచారణకీ పోతుంటాడు."

ఈసారి ఆమె కొద్దిగా నవ్వింది.

"నేను రానా తల్లీ? రిటైరైనవాళ్లు కూడా పక్కన కూర్చోవచ్చు. రూల్సులో ఉంది."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. చొక్కా కాలరు అరిగిపోతే తిరగేసి కుట్టించుకున్నాడు. చెప్పులకు రెండు చోట్ల కుట్లు.

"మీరు ఏ శాఖలో చేశారండీ?"

"చేసినదానికంటే ఇంట్లో కూర్చున్నదే ఎక్కువమ్మా."

ఆమె ఇంకేం అడగలేదు. అంతలో ఆమె ఆఫీసు సూపరింటెండెంట్ వచ్చి, ఆమెను వరండా చివరికి పిలిచాడు.

"ఆ రూల్సు తాతతో మాటలేంటమ్మా? వారంలో మూడు రోజులు ఇక్కడే ఉంటాడు. కనబడినవాళ్లందరికీ నేనొచ్చి కూర్చుంటానంటాడు. ఆయన్ని వెంటేసుకుని లోపలికెళ్లావంటే కొరివితో తల గోక్కున్నట్టే."

"మరేం చెయ్యమంటారు సార్?"

"లెక్కలో పొరబడ్డాను, మన్నించండి అని ఓ ముక్క రాసివ్వు. హెచ్చరికతో పోతుంది. కమిషనర్ గారే నీకు చెప్పమన్నారు. నీళ్లలో ఉండి మొసలితో పగేంటమ్మా?"

"శవాలు నేను చూశాను సార్. తొమ్మిది."

"పోయినవాళ్లు ఎలాగూ తిరిగిరారు. నీకు ఇద్దరు పిల్లలున్నారు."

ఆయన చెడ్డవాడు కాదు. కిందటేడు ఆమె చిన్నకొడుకు ఆసుపత్రిలో ఉంటే, అడగకుండానే ఆమె సెలవు చీటీ తనే రాసి మంజూరు చేయించిన మనిషి. అందుకే ఆ మాట ఆమెలోకి దిగింది.

తిరిగి బెంచీ దగ్గరికి వచ్చింది.

"వద్దులెండి తాతగారూ. తప్పు నాదేనని రాసిచ్చేస్తున్నాను."

"రాసింది ఇక నీ మాటే అవుతుంది తల్లీ. రేపు దాన్నే నీ మీద వాడతారు. మరొక్కసారి ఆలోచించుకో."

"మీకేమండీ. పోవడానికి ఉద్యోగం లేదు."

అన్నాక ఆమెకే చివుక్కుమంది. ఆయన మాత్రం నొచ్చుకున్నట్టు కనబడలేదు. తల ఊపాడు.

"గొంతు ఆరిపోతోంది నీకు. ఇది ఉంచుకో" అని తన నీళ్ల సీసా బెంచీ మీద పెట్టి, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

విచారణ పది నిమిషాల్లో ముగిసింది.

నెల తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. 'తప్పు లెక్క రాసినట్టు ఉద్యోగి స్వయంగా అంగీకరించినందున' పదోన్నతి ఆపేశారు. శిక్షణ సంస్థలో పుస్తకాల గదికి బదిలీ చేశారు.

నివేదికలో నలుగురే మిగిలారు. నీళ్లలో పోయిన మిగతా ఐదుగురూ కాగితం మీద మళ్లీ పోయారు. గట్టు ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆమె సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లింది.

"హెచ్చరికతో పోతుందన్నారు కదా సార్?"

"నాకు అలాగే చెప్పారమ్మా."

"కాగితం మీద ఇచ్చారా?"

ఆయన తల వంచుకున్నాడు. "లేదమ్మా. ఫోన్లో."

ఆరు నెలల తర్వాత శిక్షణ సంస్థలో సంతాప సభ పెట్టారు. కొత్తగా ఎంపికైన యువ అధికారులు వరసల్లో కూర్చున్నారు. అప్పటి కమిషనర్ ఇప్పుడు దేశంలోని సివిల్ సర్వీసు అంతటికీ అధిపతి. సంతాప సందేశం చదవడానికి ఆయనే వచ్చాడు.

ఆమె వెనక గోడకు ఆనుకుని నిలబడింది. ఎవరు పోయారో ఆమెకు తెలియదు.

వేదిక మీది ఫొటో మీద కప్పిన గుడ్డ తీశారు.

ఆమె గోడను గట్టిగా పట్టుకుంది.

"ఇలాంటివారే మన సర్వీసుకు వెన్నెముక" అంటూ అధిపతి, ఎవరో రాసిచ్చిన కాగితాన్ని ఒక్కచోట కూడా తడబడకుండా చదువుకుంటూ పోయాడు.

కాగితం మీద లేని ఆదేశాన్ని కాదన్నందుకు ఏ ఉద్యోగినీ శిక్షించకూడదని ఒక తీర్పు ఉంది. కొత్తగా చేరే ప్రతివాళ్లూ పరీక్ష కోసం దాన్ని బట్టీపట్టి, పరీక్ష హాల్లోనే వదిలేసి వస్తారు. ఆమె కూడా అలాగే వదిలేసి వచ్చింది.

ఉద్యోగం ఊడగొట్టి ఇంట్లో కూర్చోబెడితే, పక్కన కూర్చునే మనిషి ఒక్కడూ దొరక్క పదకొండేళ్లు ఒంటరిగా పోరాడి ఆ తీర్పు తెచ్చింది ఫొటోలోని ఆ ముసలాయనే.