కొక్కెం లేని గాలం

"హెడ్మాస్టరయ్యాక మా ఆయన ఇంట్లో నోరు విప్పడం మానేసేరొదినా. కూర బాగుందనరు, బాలేదనరు. గోడకైనా నయం, అప్పుడప్పుడూ పెచ్చులూడతాయి," అంది నాగదుర్గ, పక్కింటి రేవతితో.

పొద్దున్న మరుగుదొడ్ల ఫొటోలు, మధ్యాహ్నం కోడిగుడ్ల ఫొటోలు పైకి పంపాలి. ఈలోగా పై అధికారుల చీవాట్లు, పిల్లల తండ్రుల కేకలు. ఇంటికొచ్చేసరికి మురళీమోహన్ దగ్గర మాటలు మిగిలేవి కావు.

సాయంత్రాలు మాత్రం కాలవగట్టు మీద ఆగేవారు. మురమళ్ళ నుంచి వచ్చి గాలమేసే ఓ పెద్దాయన పక్కన చీకటి పడేదాకా కూర్చునేవారు.

ఇంటికి ఒక్క చేపా రాలేదు.

"ఎవరండీ ఆయన?"

"ఏమో. అడగలేదు."

ఓ రోజు మొగుడి కంటే ముందే నాగదుర్గ గట్టుకి వెళ్ళింది. పెద్దాయన దారం చివర కొక్కెమే లేదు.

"ఇదేం వేటండీ బాబూ?"

"చేప పడితే లేచి ఇంటికెళ్ళిపోవాలి కదమ్మా."

"వెళ్ళాలనే కదండీ నా ఏడుపు! మా ఆయన్ని పాడు చేస్తన్నారు. ఇంక రాకండి, మీకు దణ్ణం పెడతాను."

పెద్దాయన దారం కర్రకి చుట్టుకున్నారు.

"ఆయ్," అన్నారు. మళ్ళీ రాలేదు.

మురళీమోహన్ కొన్నాళ్ళు గట్టు మీద ఒక్కరే నిలబడి వచ్చేవారు. తర్వాత అదీ మానేశారు. అరుగు మీద కూర్చుని వీధిలోకి చూసేవారు. వీధిలో ఏమీ ఉండేది కాదు.

తిట్టైనా వినపడుతుందని నాగదుర్గ ఓ పొద్దున్న కాఫీలో పంచదారకి బదులు ఉప్పు కలిపింది.

ఆయన ఆఖరి చుక్కదాకా తాగి, గ్లాసు కింద పెట్టారు.

నాగదుర్గ అప్పుడే, పెద్దాయన్ని మళ్ళీ రమ్మందామని, మురమళ్ళ ఆటో ఎక్కింది.

అడుగుతూ వెళ్తే ఇల్లు దొరికింది. పెద్దాయన భార్య గుమ్మంలోకి వచ్చింది.

"ఆయన పోయి నెలైందమ్మా."

లోపలికి తీసుకెళ్ళి మంచినీళ్ళిచ్చింది. చాలాసేపు మాట్లాడింది. వచ్చేటప్పుడు గాలపు కర్ర చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం నాగదుర్గ మొగుణ్ణి చెయ్యి పట్టుకుని గట్టుకి తీసుకెళ్ళింది. పక్కన కూర్చుని, కొక్కెం లేని దారం నీళ్ళలోకి వదిలింది.

మురళీమోహన్ ఆ కర్రకేసి చాలాసేపు చూశారు.

"ఆయనేరి?"

"పోయేరంట." నాగదుర్గ నీళ్ళకేసే చూస్తోంది. "రావద్దన్నది నేనేనండీ. తప్పు చేసేను. ఆయనా మీలాగే ఇంట్లో మాట మానేసిన హెడ్మాస్టరంట... ఈ గాలం చేతికిచ్చి గట్టుకి పంపింది వాళ్ళావిడేనంట."