పదికి తొమ్మిది

విమర్శకుల మార్కులు రాగానే మా ఆయన అవినాష్ నన్నెత్తి గిర్రున తిప్పాడు. తను ఏడాదిగా కాచుకున్న వీడియో గేమ్ రెండో భాగానికి పదికి తొమ్మిది. తను పనిచేసే కిరందుల్ ఇనుప గనికి నేను కట్టిచ్చే అన్నం డబ్బాకీ రోజూ తను మెసేజ్‌లో వేసేది తొమ్మిదే. మురిసిపోతూ పకోడీలు వేయడానికి వెళ్లాను.

“ఆళ్లు సగం కూడా ఆడకుండా మార్కులేసీసుంటార్రా,” అని హాల్లో ఉన్న తన స్నేహితుడు జోగేష్ అనడం వంటింట్లోకి వినిపించింది.

“అయితే ఏటి? మా ఆవిడ డబ్బా రోజూ గని గేటుకాడ కుక్కకి పెట్టీసి, నేను తొమ్మిదెయ్యట్లేదా? అది చదివి ఎంత మురిసిపోద్దో.”

పళ్లెం తెచ్చి వాళ్ల ముందు పెట్టాను.

“వీటికెన్నండీ?”

“తొమ్మిది,” అన్నాడు అవినాష్, ఒక్కటీ నోట్లో వేసుకోకుండానే.

“రేపు డబ్బా నేనే గేటు దగ్గరికి తెస్తాను,” అన్నాను. “మార్కులు కుక్కనే అడుగుతాను.”